ఇళ్ల మరమ్మతు సాయాన్ని కన్సల్టెంట్ చేతిలో పెట్టే ముందు మా మాట వినండి: హైదరాబాద్ బస్తీల నుంచి బహిరంగ లేఖ

నగరంలో గృహ నిర్మాణం, పురపాలన చూస్తున్న మంత్రి గారికి, కమిషనర్ గారికి, ఇంజినీరింగ్ అధికారులకు,

నమస్కారం.

పేదల పాత ఇళ్లకు మరమ్మతు గ్రాంటు ఇచ్చే ఆలోచన ఉందని, ఆ పథకాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపే పని ఒక కన్సల్టెన్సీ సంస్థకు అప్పగిస్తామని మా బస్తీ సమావేశంలో మీ అధికారులు చెప్పారు. గ్రాంటు మాట విని సంతోషించాం. కొత్త ఇల్లు ఇస్తామన్నవాళ్లను చాలామందిని చూశాం కానీ, ఉన్న ఇల్లు కూలకుండా చూస్తామన్నవాళ్లు తక్కువ. రెండో మాట మీద మాత్రం మాకు అభ్యంతరాలున్నాయి. వాటిని రాసి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏ సూచన ఒప్పుకున్నారో, ఏది కుదరదన్నారో ఒక్క ముక్క లేదు. వెళ్లి అడిగితే, టెండరు కాగితాలు తయారవుతున్నాయి, అయ్యాక రండి అన్నారు. అంతా ఖరారయ్యాక వచ్చి మేం చెప్పేదేముంటుంది? అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

మేం ముషీరాబాద్, భోలక్‌పూర్, అడ్డగుట్ట వైపు బస్తీల్లో ఉండేవాళ్లం. ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కుట్టుమిషన్ మీద బతికేవాళ్లు. అందరి తరఫున రాస్తున్న నేను మేస్త్రీని. మరమ్మతు పథకం వస్తే మేస్త్రీలకు పని దొరుకుతుంది కాబట్టి నా మాటలో కొంత స్వార్థం ఉందని మీరు అనుకోవచ్చు. అనుకోండి, కానీ చెప్పిన విషయం నిజమో కాదో మాత్రం సరిచూడండి.

ముందే ఒక మాట. కన్సల్టెంట్ అనగానే దోపిడీ అనే మనుషులం కాము. గోడ మీద బీట చూసి అది పైపూతదో లోపలిదో నేను చెప్పగలను. పునాది కింద నేల ఎందుకు కుంగిందో చెప్పాలంటే చదువుకున్న ఇంజినీరు కావాలి. మీ దగ్గర ఇంజినీర్లు తక్కువగా ఉన్నారన్నదీ నిజమే. మేం అడిగేది ఆ బయటి సంస్థ చేతికి ఏ పని ఇస్తారు, ఏ పని ఇవ్వరు అని.

ఏటా వానాకాలానికి ముందు శిథిల భవనాల జాబితా తయారవుతుంది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. బాగు చేసుకోండి, ఖాళీ చేయండి, లేదంటే కూల్చేయండి అని. నోటీసు ఇవ్వడంలో తప్పు లేదు. 2013 జూలైలో సికింద్రాబాద్‌లో సిటీలైట్ హోటల్ ఉన్న పాత భవనం కూలి పదిమందికి పైగా చనిపోయారు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు బండ్లగూడలో ప్రహరీగోడ ఇళ్ల మీద పడి చిన్నపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. కాబట్టి నోటీసు అందుకున్న ఇంట్లో ప్రమాదం సంగతి తెలియక కాదు, చేతిలో పైసలు లేకే ఆ కప్పు కింద పడుకుంటున్నారు.

ఉన్న పథకాల్లో వీళ్లకు చోటు లేదు. 2015లో వచ్చిన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పాత ఇంటికి సాయం కావాలంటే కనీసం 9 చదరపు మీటర్లు కొత్తగా కట్టి పెంచాల్సి ఉండేది. ముప్పై గజాల జాగాలో ఎక్కడ పెంచుతారు? 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తుంది, అది కొత్త ఇంటికి. అంతకుముందు డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. ఒక్క కొల్లూరులోనే 15,660 ఇళ్లు. మంచి ఇళ్లే, కానీ అవుటర్ రింగు రోడ్డు దగ్గరి నుంచి తెల్లారేసరికి చిక్కడపల్లిలో అంట్లు తోమడానికి ఎవరొస్తారు? కారే కప్పును కారకుండా చేయించే పథకమంటూ ఇప్పుడున్నవాటిలో లేదు.

ఇంటి నష్టానికి డబ్బు ఇస్తామన్న సందర్భం మాకు గుర్తున్నది ఒకటే. 2020 వరదల తర్వాత అక్టోబర్ 19న ప్రభుత్వం కుటుంబానికి 10 వేలు, పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్న ఇంటికి 50 వేలు ప్రకటించింది. తర్వాత కథంతా పదివేల చుట్టూనే తిరిగింది. మీసేవ కేంద్రాల ముందు బారులు, మధ్యలో కమీషన్లు తీసుకున్నారన్న ఆరోపణలు, నవంబర్ 18న మున్సిపల్ ఎన్నికల పేరుతో నిలుపుదల. గోడ ఎంత దెబ్బతిన్నదో కొలిచే మనిషి మా గల్లీలోకి రానే లేదు. అప్పుడు కొలిచేవాళ్లు లేకుండా పంచారు. ఇప్పుడు కొలవడం, అర్హత తేల్చడం, బిల్లు రాయడం, పని చూడడం అన్నీ కలిపి బయటివాళ్లకు ఇస్తామంటున్నారు. దీనివల్ల మా ఇళ్లలో ఏం జరుగుతుందో చెబుతాం.

1. అర్హత తేల్చడం బయటి సంస్థ చేతికి పోతే, ముందు రాలిపోయేది కాగితాలు సరిగా లేని పేదలే.

మా వైపు ఎన్నో ఇళ్లు నోటరీ కాగితాల మీద ఉన్నాయి. కొన్ని చనిపోయిన తాత పేరు మీదే ఇంకా ఉన్నాయి. ప్రభుత్వ జాగాలో ఉన్నవాళ్లలో 2014 నాటి జీవో 58 కింద 125 గజాల లోపు క్రమబద్ధీకరణ అయినవాళ్లున్నారు, దరఖాస్తు ఏమైందో తెలియనివాళ్లూ ఉన్నారు. మామగారి పేరున ఉన్న ఇంట్లో, భర్త పోయాక ఇద్దరు పిల్లలతో ఉంటున్న కోడలు ఏ కాగితం చూపించాలి?

కన్సల్టెంట్ స్థానంలో ఉండి ఆలోచించండి. ‘అనర్హులు’ అని రాస్తే అతనికి పోయేదేమీ లేదు. అర్హులని రాశాక రేపు ఆడిట్‌లో తేడా వస్తే అతని బిల్లు ఆగుతుంది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? అనుమానం వచ్చిన ప్రతి ఫైలూ పక్కన పెడతారు. అది అతని చెడ్డతనం కాదు, మీరు రాసే ఒప్పందం అతని చేత చేయించే పని.

దీనికి దారి మీ రికార్డుల్లోనే ఉంది. 2015లో ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను ఉన్న ఇళ్లకు పన్నును 101 రూపాయలకు తగ్గించారు. నూటొక్క రూపాయి కట్టే ఇళ్లంటే నగరంలో చిన్న ఇళ్ల జాబితా తయారుగా ఉన్నట్టే. దాన్ని మొదటి జాబితాగా తీసుకోండి. అందులో స్తోమత ఉన్నవాళ్లు కొందరు దూరి ఉండొచ్చు, వాళ్లను తీసేయడం తేలిక. ఆ జాబితాలో లేనివాళ్లకు కరెంటు బిల్లు, ఇరుగుపొరుగు వాంగ్మూలం చాలనండి. మరమ్మతు సాయం తీసుకున్నంత మాత్రాన జాగా మీద హక్కు వచ్చినట్టు కాదని ఒక వాక్యం రాయించుకుంటే మీ న్యాయ విభాగం భయమూ తీరుతుంది.

2. మరమ్మతును కొత్త ఇల్లు కట్టినట్టు ఫోటోలతో చూస్తే డబ్బు సున్నంలో పోతుంది.

మాకు బాగా తెలిసిన సంగతి ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కొత్త ఇంటికి దశలు కంటికి కనిపిస్తాయి. పునాది, గోడలు, స్లాబు. ఫోటో తీసి, ఎక్కడ తీశారో అందులో నమోదయ్యేలా జియోట్యాగ్ చేస్తే సరిపోతుంది. మరమ్మతులో అసలు పని పూత కిందికి పోతుంది. స్లాబు పెచ్చులూడుతోందంటే లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, కింది కాంక్రీటును నెట్టేస్తోందని అర్థం. సరిగ్గా చేయాలంటే గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టాలి, తుప్పు గీకాలి, చువ్వ సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి, తుప్పు ఆపే మందు పూయాలి, ఆపైన అతుక్కునే మిశ్రమంతో పూడ్చాలి. ఇవేవీ చేయకుండా పైన సిమెంటు రుద్ది సున్నం వేసినా ఫోటోలో అచ్చం అలాగే ఉంటుంది. రెండు వానాకాలాల తర్వాత ఆ సిమెంటు ముక్క మంచం మీద పడుతుంది. ‘ముందు’, ‘తర్వాత’ అని రెండు ఫోటోలు పెట్టిన ఫైలు మాత్రం ఎప్పటికీ చక్కగానే ఉంటుంది.

అందుకే చూడాల్సింది మధ్యలో, కప్పేయకముందు. పెచ్చు కొట్టాక, చువ్వ బయటపడ్డాక ఇంజినీరు వచ్చి చూసి సరే అనాలి. అప్పుడే ఇంకో చిక్కు వస్తుంది. బయటి నుంచి చూసి 40 వేలని వేసిన అంచనా, కొట్టి చూశాక 70 వేలు అవుతుంది. నా అనుభవంలో పాత స్లాబు ఎప్పుడూ తక్కువ ఖర్చు చెప్పి ఎక్కువ చేయిస్తుంది. పెరిగిన అంచనాకు ఎవరు సంతకం పెట్టాలి? కన్సల్టెంట్ ఫీల్డ్ కుర్రాడు తన ఆఫీసుకు పంపి, ఆ ఆఫీసు మీకు పంపి, మీరు సందేహం రాసి తిరిగి పంపేలోపు ఆ ఇంటి కప్పు తెరిచి ఉంటుంది. కింద మనుషులుంటారు.

పాత గోడల సంగతి వేరు. డంగుసున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పూత ఉబ్బి ఊడుతుంది, లోపల గోడ మెత్తబడుతుంది. నగరమంతటికీ ఒకే అంచనా పట్టిక తయారుచేసే సంస్థ దీన్ని పట్టించుకుంటుందా? గల్లీల సంగతీ అంతే. ఇసుక లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కడి నుంచి తట్టల్లో మోయాలి. కొట్టిన పెచ్చులు మళ్లీ మోసి బయట పారబోయాలి. ఆ కూలి రేట్ల పట్టికలో సరిగ్గా ఉండదు, ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. ఇక ఉమ్మడి గోడ: ఇటు ఇంటికి గ్రాంటు మంజూరై, అటు ఇంటిది తిరస్కరిస్తే సగం గోడ బాగు చేయాలా? ఒక్కో దరఖాస్తును విడిగా లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వరసగా ఉన్న ఇళ్లను కలిపి చూడాలి.

3. డబ్బు పని అయ్యాక ఇస్తామంటే అప్పు చేయగలిగినవాళ్లే బాగుపడతారు.

నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చి పని చేయించి, బిల్లు కోసం ఎదురుచూడటం మావాళ్ల వల్ల కాదు. సగమైనా ముందు ఇవ్వాలి. స్లాబు కొట్టే రోజుల్లో కుటుంబం ఎక్కడుంటుందో కూడా లెక్కలో రావాలి. నాలుగు రోజుల కూలి పోవడం మాకు చిన్న విషయం కాదు.

4. ఫీజును ఫైళ్లతో ముడిపెడితే ఫైళ్లే వస్తాయి. ఇది బయటి దేశాల్లో జరిగి చూసిందే.

2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలోని లూసియానా రాష్ట్రం ‘రోడ్ హోమ్’ పేరుతో ఇళ్ల మరమ్మతు గ్రాంటు పెట్టింది. నడిపే పనిని ఒక కన్సల్టెన్సీకి 75 కోట్ల 60 లక్షల డాలర్లకు ఇచ్చింది. దరఖాస్తులు వేలకు వేలు వచ్చాయి. 2006 ముగిసేసరికి డబ్బు చేతికొచ్చిన కుటుంబాలు వందైనా లేవు. జనం మండిపడ్డా ఒప్పందం విలువ తర్వాత 90 కోట్ల డాలర్లు దాటింది. ఆ పథకంలోనే ఇంకో దెబ్బ ఉంది. తుపానుకు ముందు ఇంటి ధర, మరమ్మతు ఖర్చు ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నిబట్టి గ్రాంటు లెక్కగట్టారు. నల్లజాతి పేటల్లో ఇళ్ల ధర తక్కువ, సిమెంటు ధర మాత్రం అందరికీ ఒకటే. కోర్టుకెళ్తే 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. బస్తీ ఇంటికి మార్కెట్ విలువ చూసి గ్రాంటు పరిమితి పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే ఈ కేసు వాళ్లకు చూపించండి.

బ్రిటన్‌లో 2020లో ఇళ్లకు చలి ఆగే పనులు, వేడి పరికరాల కోసం 150 కోట్ల పౌండ్లతో గ్రాంటు పథకం మొదలుపెట్టి, లూసియానాలో పని చేసిన అదే కన్సల్టెన్సీకి అప్పగించారు. 6 లక్షల ఇళ్లు లక్ష్యం. ఆరు నెలలకే మూసేశారు. అక్కడి ఆడిట్ సంస్థ లెక్క ప్రకారం బాగుపడేది 47,500 ఇళ్లు, ఒక్కో ఇంటికి నిర్వహణ ఖర్చే వెయ్యి పౌండ్లు దాటింది. అంత డబ్బు, అంత అనుభవం ఉన్న దేశాల గతి అది. తప్పంతా ఆ సంస్థదే అని కూడా అనలేం. హడావిడిగా పెట్టిన పథకం, మాటిమాటికీ మారిన నిబంధనలు. కానీ దెబ్బతిన్నది కప్పు లేనివాళ్లు, ఫీజు మాత్రం ముట్టింది.

వచ్చిన దరఖాస్తుకు ఇంత, ఇచ్చిన నివేదికకు ఇంత అని ఫీజు కడితే, సంబంధం కుదిర్చి కట్నంలో తన వాటా తీసుకుని కాపురం సంగతి తనకెందుకనే పెళ్లిళ్ల పేరయ్య తయారవుతాడు.

5. ఏదైనా తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలి?

2024 జనవరిలో ప్రజాపాలన దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఎగిరిపడిన వీడియో ఊరంతా చూసింది. డేటా ఎంట్రీకి ప్రైవేటు ఏజెన్సీ చేతికి పోయిన కాగితాలవి. వాటిలో ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. కన్సల్టెంట్ మనుషులు ఒప్పంద ఉద్యోగులు, ఇవాళ ఉన్నవాళ్లు వచ్చే ఏడాది ఉండరు. సమాచార హక్కు దరఖాస్తు పెడితే ఆ ఫైలు మా దగ్గర లేదు, ఏజెన్సీ దగ్గరుందంటారు. కప్పు కూలాక సంతకం ఎవరిదని వెతుక్కోవాల్సిన పరిస్థితి మాకు వద్దు.

ఇంకో విషయం. ఈ పని హైదరాబాద్‌కు కొత్త కాదు. 1967లోనే ఇక్కడ పట్టణ సమాజాభివృద్ధి విభాగం మొదలైంది. ఆ విభాగం మనుషులు బస్తీల్లో తిరిగి, జనాన్ని సంఘాలుగా కూర్చి, పట్టాలు ఇప్పించి, బ్యాంకు అప్పులతో సొంతంగా ఇళ్లు బాగు చేసుకునేలా చూశారు. ఆ పని చూసి తర్వాత బ్రిటన్ ప్రభుత్వం కూడా బస్తీల అభివృద్ధికి సాయం చేసింది. ఆ విభాగం ఇంకా ఉంది. పొదుపు సంఘాల సమాఖ్యలున్నాయి. 2023 జూన్‌లో అప్పటి 150 వార్డుల్లో వార్డు కార్యాలయాలు పెట్టారు. మేస్త్రీలకు శిక్షణ ఇవ్వడానికి 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ మన ఊళ్లోనే ఉంది. పాత భవనాల గట్టితనం తేల్చడానికి జేఎన్‌టీయూ ఉంది. ఇన్ని పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా బయటివాళ్లే ఎందుకు నడపాలో టెండరు ఇచ్చే ముందు రాతపూర్వకంగా చెప్పాలి.

కాబట్టి మేం కోరేవి ఇవి.

(అ) అర్హత తేల్చడం, అంచనా మంజూరు చేయడం, పని సరిగా అయిందని ధ్రువీకరించడం ప్రభుత్వ ఇంజినీరు, వార్డు అధికారుల పేరు మీదే ఉండాలి. కన్సల్టెంట్‌ను సాంకేతిక సలహాకు, శిక్షణకు, లెక్కల సాఫ్ట్‌వేర్‌కు పరిమితం చేయండి.

(ఆ) ఫీజులో పెద్ద భాగం ఒక పూర్తి వానాకాలం గడిచాక, కప్పు కారలేదని ఇంటివాళ్లు, ఇంజినీరు ఇద్దరూ సంతకం పెట్టాకే ఇవ్వాలి. కన్సల్టెంట్ ఫీజుతో సహా మొత్తం నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదు. ఆవాస్ యోజనలో శిక్షణ, ప్రచారం, పరిపాలన అన్నిటికీ కలిపి కేటాయించింది అంతే.

(ఇ) కప్పేయకముందు తనిఖీ తప్పనిసరి. పెరిగిన అంచనాకు ఒక పరిమితి దాకా అక్కడికక్కడే సంతకం పెట్టే అధికారం వార్డు ఇంజినీరుకు ఇవ్వాలి. కబురు పెట్టిన రెండు రోజుల్లో ఆయన రాకపోతే పైఅధికారి రావాలి.

(ఈ) తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం తెలుగులో, ఉర్దూలో రాసి ఇవ్వాలి. అప్పీలు వార్డు కార్యాలయంలోనే వినాలి.

(ఉ) దరఖాస్తులు, కొలతలు, బిల్లులు అన్నీ మీ కార్యాలయంలోనే ఉండాలి. ఉపాధి హామీ పనులకు గ్రామసభలో చేసినట్టు, ఏ ఇంటికి ఎంత ఖర్చయిందో బస్తీ సభలో చదివి వినిపించాలి.

(ఊ) టెండరు ముసాయిదాను తెలుగులో బయటపెట్టి, అభ్యంతరాలకు నెల రోజులు గడువివ్వండి. ఆ కాగితాల పని సాగుతున్నన్నాళ్లూ 456 నోటీసు అందుకున్న పేదల ఇళ్లకు మాత్రం ఆగకుండా, జూన్ వానలకు ముందే ఆపుదల స్తంభాలు, కప్పు మీద కవర్ల వంటి అత్యవసర సాయం మీ సిబ్బందితోనే మొదలుపెట్టండి. దానికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు.

ఈ లేఖకు మెసేజ్ పంపితే సరిపోదు. ఏ కోరిక ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు అని అధికారి సంతకంతో జవాబు కావాలి. ముసాయిదా ఖరారు చేసే ముందు మీ ఇంజినీరు ఒకరిని మా గల్లీలకు పంపండి. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, డంగుసున్నం గోడల ఇల్లు, పెచ్చులూడే స్లాబు ఇల్లు అన్నీ ఒక్క పూటలో చూపిస్తాం. సుత్తి నేను తెచ్చుకుంటాను, అంచనా ఆయన వేయనివ్వండి. కొట్టకముందు ఒకటి, కొట్టాక ఒకటి.

ఇట్లు,
ముషీరాబాద్, భోలక్‌పూర్, అడ్డగుట్ట బస్తీల నివాసుల తరఫున
ఒక మేస్త్రీ